తాటాకు కట్ట, డీఎన్‌ఏ చుక్క

13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఏలుబడిలోని నెల్లూరులో తిక్కన మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెనిగించాడు. ఆయన చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసుకున్నాడని జనం చెప్పుకునే కథ. ఆ మొదటి ఆకులు ఎప్పుడో పోయాయి. భారతం పోలేదు. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు పాత కట్ట ముందు పెట్టుకుని కొత్త ఆకుల మీదికి ఎక్కించారు కాబట్టే మిగిలింది.

అదేమీ తేలిక పని కాదు. తాటాకు ఈనె తీసి, ఉడికించి, ఆరబెట్టి, నున్నగా రుద్దాలి. గంటంతో గీస్తే అక్షరం సరిగా కనబడదు. మసి పూసి తుడిస్తే అప్పుడు నల్లగా తేలుతుంది. చెయ్యి కాస్త బరువుగా పడితే ఆకు చీలుతుంది. రాశాక అంచున సంఖ్య వేసి, చిల్లుల్లోంచి తాడు దూర్చి కట్టేవారు. తాడు తెగి ఆకులు చెదిరినా ఆ సంఖ్యలే వరస చెప్పేవి. ఇంత చేసినా సముద్రపు తేమ, పురుగు ఉన్న ఈ తీరంలో ఆకు ఎక్కువ కాలం నిలవదు.

కలకాలం నిలవాలనుకున్న దానాలను రాతి మీద, రాగి రేకుల మీద చెక్కించారు. నెల్లూరు జిల్లాలోని ఆ శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు భాగాలుగా అచ్చువేయించారు. రాయి చెక్కుచెదరలేదు గానీ లిపి మారిపోయింది. తమ గుడిలోని పాత శాసనాన్ని ఊరివాళ్లే చదువుకోలేరు. రాయి నిలవడం కంటే చదివేవాళ్లు నిలవడమే కష్టమైంది.

ఎత్తి రాసేటప్పుడు తప్పులు దొర్లక మానవు. అందుకే 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిపోల్చి శుద్ధప్రతి రాయించాడు.

డీఎన్‌ఏలో సమాచారం దాచేవారూ ఇదే దారి పట్టారు. 2013లో ఇంగ్లండులోని హింక్స్‌టన్‌లో నిక్ గోల్డ్‌మన్ బృందం షేక్‌స్పియర్ సానెట్లు 154, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగంలోని 26 సెకన్లు, మరికొన్ని ఫైళ్లు ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల్లోకి మార్చి డీఎన్‌ఏగా తయారు చేయించింది. ఒక్కో డీఎన్‌ఏ పోగులో 117 అక్షరాలే. వాటిని గుచ్చే తాడు లేదు, అన్నీ కలగాపులగంగా ఉంటాయి. అందుకని ప్రతి పోగులోనూ దాని స్థానం చెప్పే సంఖ్య పెట్టారు. ప్రతి ముక్కా నాలుగు వేర్వేరు పోగుల్లో వచ్చేలా అల్లారు. ఒకటి చెడినా మిగతావాటితో పోల్చి దిద్దుకోవచ్చు.

2017లో యానివ్ ఎర్లిక్, డీనా జీలిన్‌స్కీ చూపిన పద్ధతిలో గ్రాము డీఎన్‌ఏలో 215 పెటాబైట్లు పడతాయని అంచనా. కానీ వాళ్లు దాచింది 2 మెగాబైట్లే; తయారీకి 7,000 డాలర్లు, తిరిగి చదవడానికి 2,000 డాలర్లు అయ్యాయి. పైగా నెల్లూరు ఎండ, తేమ తాటాకుకు ఎంత చేటో డీఎన్‌ఏకూ అంతే. 2015లో జూరిక్‌లో రాబర్ట్ గ్రాస్ బృందం దాన్ని గాజులాంటి సిలికా రేణువుల్లో మూసి ఆ చేటు తగ్గించింది. ధర కూడా దిగివస్తే ముందుగా ఎక్కించవలసింది కొత్త ప్రతి లేకుండా మిగిలిపోయిన తాళపత్రాలనే. వాటి పక్కనే ఆ సంకేతాన్ని విప్పే పద్ధతినీ మామూలు తెలుగులో, కాగితం మీద రాసి ఉంచాలి.