డిఫ్: ప్రోగ్రాములకు పాఠభేదాలు

కావ్యాలను పరిష్కరించేవారు రెండు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టుకొని పాఠభేదాలు గుర్తిస్తారు. ప్రోగ్రాములు వ్రాసేవారికీ అదే అవసరం: నిన్నటి ప్రతికీ నేటి ప్రతికీ తేడా ఎక్కడ? ఈ పనిని యంత్రానికి అప్పగించిన చరిత్ర నాకు చాలా ఇష్టం. అందులో లెక్క ఎంత ఉందో ఊహ కూడా అంత ఉంది.

1974లో బెల్ ల్యాబ్స్ వారి యూనిక్స్ ఐదవ కూర్పుతో ‘డిఫ్’ వెలువడింది. దాని కర్త డగ్లస్ మెక్‌ఇల్రాయ్, జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో ఆ పద్ధతిని నివేదికగా ప్రకటించారు. రెండు ప్రతుల్లోనూ అదే వరుసలో వచ్చే పంక్తుల అతి పొడవైన పరంపరను పట్టుకుంటే, మిగిలినదే మార్పు. వినడానికి తేలికే! కానీ 5,000 పంక్తుల ప్రతులు రెండింటికి పూర్తి పట్టిక వేస్తే 2.5 కోట్ల గడులవుతాయి. నాటి పీడీపీ-11లో 16 బిట్ల చిరునామాతో అందేది 65,536 బైట్లే. అందుకని వారు ప్రతి పంక్తినీ ఒక సంఖ్యగా కుదించి, సరిపోలిన చోట్లనే పట్టించుకున్నారు. వేర్వేరు పంక్తులకు కాకతాళీయంగా ఒకే సంఖ్య వస్తే? చివర అసలు పంక్తులను మళ్ళీ సరిచూశారు. ఆ దొంగ జతలకు వారు పెట్టిన పేరు ‘జాక్‌పాట్’.

1985లో లారీ వాల్ వ్రాసిన ‘ప్యాచ్’ వల్ల తేడాను మాత్రమే పంపి, అవతలివారి ప్రతిని సవరించడం సులువైంది. 1986లో యూజీన్ మయర్స్ అతి తక్కువ సవరణలను వేగంగా కనిపెట్టే మార్గం చూపారు.

అయితే అతి చిన్న తేడా, మనిషి నిజంగా చేసిన మార్పు ఒకటే కానక్కరలేదు. ఒక ఫంక్షన్ కింద మరొకటి చేర్చామనుకోండి. రెండూ ఫ్లవర్ బ్రాకెట్‌తోనే ముగుస్తాయి. డిఫ్ ఒక్కోసారి పాతదాని బ్రాకెట్‌ను కొత్తగా చేరినట్లు, కొత్తదాని బ్రాకెట్‌ను పాతదైనట్లు చూపుతుంది. లెక్కలో తప్పులేదు, చేరిన పంక్తులు ఎలా చూసినా అన్నే. ఇక 40 పంక్తులను ఒకచోటి నుండి మరొకచోటికి జరిపి, వాటిలో ఒక్క గుర్తు మార్చితే, కనిపించేది 40 తీసివేతలు, 40 చేర్పులు. సమీక్షలు చేసే ఉద్యోగంలో ఉన్నాను గనుక చెబుతున్నాను, కన్ను అలసిపోయేది సరిగ్గా అక్కడే.

2005లో వచ్చిన ‘గిట్’ అసలు తేడాలను చరిత్రగా నమోదు చేయదు. ప్రతి మజిలీలో మొత్తం ప్రతిని గుర్తుంచుకొని, అడిగినప్పుడల్లా తేడాను కొత్తగా లెక్కిస్తుంది. ఫైలు పేరు మారిందన్న సంగతి కూడా అందులో వ్రాసి ఉండదు. మామూలుగా, సగానికి తగ్గకుండా పోలిక ఉంటే పేరు మారిందని ఊహిస్తుంది. ఆ హద్దును 90 శాతానికి పెంచి అదే చరిత్రను చదివితే, కొన్ని ఫైళ్ళకు పేరు మారి ఉండదు. ఒకటి గతించి మరొకటి పుట్టి ఉంటుంది.