వాషింగ్ మెషీన్ ఆగిపోయిందా? రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

జంషెడ్‌పూర్‌లో జులై, ఆగస్టు వచ్చిందంటే ఉతికిన బట్టలు ఆరడమే పెద్ద పని. అలాంటి ముసురులో వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోతే ఇంట్లో కంగారు మొదలవుతుంది. కొందరు ఆ సాయంత్రమే సాక్చి బజారుకో, బిష్టుపూర్‌కో వెళ్లి కొత్త మెషీన్ ఖాయం చేసుకుని వస్తారు. మరికొందరు పదేళ్లు దాటిన మెషీన్‌కు ఏటా రెండు మూడు వేలు పోస్తూనే ఉంటారు. రెండు చోట్లా డబ్బు పోవడానికి కారణం ఒకటే. ఏ భాగం పాడైంది, అది బాగైతే మెషీన్ ఇంకెన్నాళ్లు నడుస్తుంది అన్నది తేలకముందే నిర్ణయం జరిగిపోతోంది.

ఉత్తరాంధ్ర నుంచి టాటా కంపెనీ పనుల కోసం వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. కంపెనీ క్వార్టర్‌లో ఉంటున్నవారు రిటైరయ్యాక ఇల్లు ఖాళీ చేయాలి. ఊరు వెళ్లిపోయే ఆలోచన ఉంటే, ఈ మెషీన్ మీద ఎంత పెట్టాలన్న లెక్క మారిపోతుంది.

మిస్త్రీని పిలిచే ముందు

ఇక్కడివారు మిస్త్రీ అని పిలిచే మెకానిక్ ఇంటికి వస్తే, రిపేరు చేసినా చేయకపోయినా విజిట్ చార్జీ ఇవ్వాలి. కాబట్టి ముందు ఇంట్లోనే నాలుగు విషయాలు చూసుకోవచ్చు.

మొదటిది కరెంటు. అదే సాకెట్‌లో మరో వస్తువు పెట్టి చూడాలి. పాత క్వార్టర్లలో సాకెట్ కాలిపోయి, మెషీన్ పోయిందని అనుకునే సందర్భాలు ఉంటాయి.

రెండోది నీరు. నల్లా నుంచి మెషీన్‌కు వచ్చే పైపు చివర చిన్న జల్లెడ ఉంటుంది. ఇసుక, తుప్పు పేరుకుని అది మూసుకుపోతే నీరు సరిగా ఎక్కదు. ట్యాంకు మరీ తక్కువ ఎత్తులో ఉన్నా ఇదే సమస్య వస్తుంది.

మూడోది మురుగు నీరు. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో కింద మూలన చిన్న మూత వెనుక డ్రెయిన్ ఫిల్టర్ ఉంటుంది. నాణేలు, పిన్నీసులు, బొత్తాలు చేరేది అక్కడే. ప్లగ్ తీసేసి, మిగిలిన నీరు వంచి, దాన్ని శుభ్రం చేస్తే చాలాసార్లు మెషీన్ మళ్లీ నడుస్తుంది.

నాలుగోది తెర మీద కనిపించే కోడ్. ఎల్‌జీ మెషీన్లలో ఐఈ అంటే నీరు ఎక్కడం లేదని, ఓఈ అంటే నీరు బయటికి పోవడం లేదని, యూఈ అంటే బట్టల బరువు ఒకవైపు చేరిందని అర్థం. శామ్‌సంగ్‌లో 4సీ నీరు రావడానికి, 5సీ నీరు పోవడానికి సంబంధించినవి. వీటిలో ఏది కనిపించినా మెషీన్ ఆయుష్షు తీరిందని కాదు. మిగతా కంపెనీల కోడ్‌లు మెషీన్‌తో వచ్చే మాన్యువల్‌లో ఉంటాయి.

మెషీన్ వెనుక పలక విప్పే పని మాత్రం పెట్టుకోకూడదు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉండి షాక్ కొట్టవచ్చు.

ఏ భాగం పోయిందన్నదే అసలు ప్రశ్న

సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో ఎలక్ట్రానిక్స్ దాదాపు ఉండవు. మోటారు మూలుగుతూ తిరగకపోతే ఎక్కువగా కెపాసిటరే కారణం. ఉతికే వైపు చక్రం జారుతుంటే బెల్టు, డ్రయ్యర్ ఆగకపోతే లేదా గట్టిగా పట్టేస్తే బ్రేక్, కింద నీరు కారుతుంటే సీల్ చూడాలి. ఇవన్నీ వందల రూపాయల్లో తేలే పనులు. చాలా విడిభాగాలు రకరకాల కంపెనీల మెషీన్లకు సరిపోయేలా బజార్లో దొరుకుతాయి. బాడీ బాగున్నంత వరకు సెమీ ఆటోమేటిక్‌ను రిపేరు చేయించుకోవడమే లాభం. మోటారు, గేర్‌బాక్స్ రెండూ ఒకేసారి పోతేనో, అడుగు భాగం తుప్పుపట్టి కూలిపోతుంటేనో కొత్తది ఆలోచించాలి.

టాప్ లోడ్ ఫుల్లీ ఆటోమేటిక్‌లో నీరు వదిలే ఇన్‌లెట్ వాల్వ్, డ్రెయిన్ మోటారు, మూత స్విచ్, టబ్బును వేలాడదీసే సస్పెన్షన్ రాడ్లు తరచూ అరిగేవి. డ్రయ్యర్ తిరిగేటప్పుడు టబ్బు దడదడ కొట్టుకుంటే ముందు అనుమానించాల్సింది ఈ రాడ్లనే. ఇవి కూడా భరించగలిగే ఖర్చులే. క్లచ్, పీసీబీ అనే ఎలక్ట్రానిక్ బోర్డు దగ్గరకు వచ్చేసరికి బిల్లు వేలల్లోకి వెళుతుంది.

ఫ్రంట్ లోడ్‌లో తలుపు రబ్బరు, డ్రెయిన్ పంపు, హీటర్ మార్చడం మామూలు పని. భయపడాల్సింది బేరింగ్ విషయంలో. డ్రయ్యర్ వేగం అందుకున్నప్పుడు రైలు వెళుతున్నట్టు మోత వస్తే బేరింగ్ అరిగిందని అర్థం. బేరింగ్ ధర తక్కువే. కానీ చాలా మోడళ్లలో బయటి టబ్బును రెండు ముక్కలుగా విప్పడానికి వీల్లేకుండా అతికించేస్తారు. అప్పుడు టబ్బు మొత్తం మార్చాలి. డ్రమ్మును వెనుక నుంచి పట్టి ఉంచే అల్యూమినియం చట్రం తినేసినా ఇదే పరిస్థితి.

"బోర్డు పోయింది" అన్న మాట విన్న వెంటనే ఒప్పుకోకూడదు. ఎలుకలు వైర్లు కొరికినా, లోపల కనెక్టర్ తుప్పుపట్టినా, మూత స్విచ్ పనిచేయకపోయినా మెషీన్ బోర్డు పోయినట్టే ప్రవర్తిస్తుంది. మీటరుతో పరీక్షించి చూపమని అడగాలి. బోర్డు నిజంగా పోయినా కొత్తది ఒక్కటే దారి కాదు. రిలే, ఫ్యూజు వంటి చిన్న భాగం మార్చి బోర్డునే బాగుచేసేవారు సాక్చి వంటి పెద్ద బజార్లలో ఉంటారు.

సంవత్సరానికి ఎంత పడుతుంది?

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలన్నది చాలామంది చెప్పే సూత్రం. ఇందులో మెషీన్ వయసు లెక్కకు రాదు. అంతకన్నా నమ్మదగిన పద్ధతి ఉంది. రిపేరు ఖర్చును, ఆ తర్వాత మెషీన్ నడుస్తుందని ఆశించే సంవత్సరాలతో భాగించాలి. కొత్తదాని ధరను పదేళ్లతో భాగించాలి. రెంటినీ పోల్చాలి.

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి మాత్రమే. ఎవరికి వచ్చిన కొటేషన్‌తో వారు లెక్కేసుకోవాలి.

ఎనిమిదేళ్ల సెమీ ఆటోమేటిక్‌కు కెపాసిటర్, బెల్టు కలిపి రూ.800 అయిందనుకుందాం. రెండేళ్లు నడిచినా ఏడాదికి రూ.400. రూ.11,000 పెట్టి కొత్తది కొంటే ఏడాదికి రూ.1,100. రిపేరే మేలు.

ఆరేళ్ల టాప్ లోడ్‌కు బోర్డు మార్చడానికి రూ.5,500 అడిగారనుకుందాం. మూడేళ్లు నడిస్తే ఏడాదికి సుమారు రూ.1,830. కొత్తది రూ.20,000 అయితే ఏడాదికి రూ.2,000. రెండూ దాదాపు సమానం. ఇక్కడ గత రెండేళ్లలో ఎన్ని రిపేర్లు అయ్యాయి, బాడీకి తుప్పు ఉందా, బోర్డుకు ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తున్నారు అన్నవి తేల్చాలి. బోర్డును బాగుచేయించడం రూ.2,000లో అయిపోతే మళ్లీ రిపేరు వైపే మొగ్గాలి.

తొమ్మిదేళ్ల ఫ్రంట్ లోడ్‌కు టబ్బు మొత్తం మార్చడానికి రూ.11,000 అడిగారనుకుందాం. మూడేళ్లు నడిచినా ఏడాదికి సుమారు రూ.3,670. రూ.32,000 పెట్టి కొత్తది కొంటే ఏడాదికి రూ.3,200. ఇక్కడ మార్చేయడమే మంచిది.

కరెంటు ఆదా మాట ఎంతవరకు నిజం?

పాత ఫ్రిజ్, పాత ఏసీ మార్చితే కరెంటు బిల్లు తగ్గుతుందన్నది నిజమే. షోరూముల్లో ఇదే మాట వాషింగ్ మెషీన్‌కూ చెబుతారు. చల్లటి నీటితో ఉతికే ఇళ్లలో ఇది పెద్దగా వర్తించదు. వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి 0.2 యూనిట్ చొప్పున ఖర్చయితే ఏడాదికి 42 యూనిట్లు కూడా దాటవు. యూనిట్ రూ.7 అనుకున్నా రూ.300 లోపే. కొత్త మెషీన్ అందులో సగం మిగిల్చినా ఏడాదికి రూ.150.

ఎక్కువ కరెంటు తినేది హీటర్. 10 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడిచేయడానికే దాదాపు అర యూనిట్ కావాలి. వేడినీటి ప్రోగ్రామ్ రోజూ వాడేవారు చల్లటి నీటికి మారితే, కొత్త మెషీన్ కొనకుండానే బిల్లు తగ్గుతుంది. నీటి విషయంలో మాత్రం తేడా ఉంది. ఫ్రంట్ లోడ్‌కు టాప్ లోడ్ కన్నా చాలా తక్కువ నీరు సరిపోతుంది. ట్యాంకరు నీరు కొనుక్కునే ఇళ్లు దీన్ని లెక్కలో వేసుకోవచ్చు.

జీఎస్టీ తగ్గింపు పేరుతో తొందరపెట్టినా జాగ్రత్తగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలు, పెద్ద టీవీలు, డిష్‌వాషర్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. వాషింగ్ మెషీన్లు 2018 జులై నుంచే 18 శాతంలో ఉన్నాయి.

నీరు, వోల్టేజీ బట్టి ఆయుష్షు

ఒకే మోడల్ కద్మాలో పదేళ్లు నడిచి, మాంగోలో ఆరేళ్లకే మొరాయించవచ్చు. టాటా కంపెనీ ప్రాంతంలో శుద్ధిచేసిన నది నీరు వస్తుంది. బోరు మీద ఆధారపడే ఇళ్లలో నీరు ఉప్పగా, గట్టిగా ఉంటే హీటర్ మీద, టబ్బు వెనుక తెల్లటి పెచ్చు కడుతుంది. ఇనుము ఎక్కువుంటే బట్టలకు పసుపు మరక కూడా పడుతుంది. అలాంటి చోట మార్చిన హీటర్ అంతే త్వరగా మళ్లీ పోతుంది. డీస్కేలింగ్ పొడి వాడటం, టబ్ క్లీన్ ప్రోగ్రామ్‌ను క్రమం తప్పకుండా నడపడం తప్పనిసరి.

వోల్టేజీ ఎక్కువ తక్కువలయ్యే బస్తీలలో బోర్డులు త్వరగా కాలుతాయి. ఒకసారి బోర్డు పోయిన ఇంట్లో స్టెబిలైజర్, సరైన ఎర్తింగ్ లేకుండా కొత్త బోర్డు వేయించినా, కొత్త మెషీన్ కొన్నా అదే నష్టం మళ్లీ ఎదురవుతుంది. హీటర్ ఉన్న మోడల్ అయితే స్టెబిలైజర్ ఆ లోడును తట్టుకునేదై ఉండాలి.

వారంటీ, విడిభాగాలు, ఫిర్యాదు

"మోటారుకు 10 ఏళ్ల వారంటీ" అంటే సాధారణంగా మోటారు అనే వస్తువుకు మాత్రమే. బోర్డు, బేరింగ్, విజిట్ చార్జీ, కూలి అందులోకి రావు. అయినా మోటారు పోయిందని చెప్పినప్పుడు ముందు బిల్లు వెతికి తేదీ చూసుకోవాలి.

విడిభాగాలు దొరకకపోతే ఏ లెక్కా పనిచేయదు. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బ్రాండ్ వెనక్కి తగ్గితే పాత మెషీన్లకు బజారు భాగాలే దిక్కు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ల ముఖ్య విడిభాగాలను, ఆ మోడల్ చివరి మెషీన్ మార్కెట్లోకి వచ్చాక కనీసం పదేళ్లు అందించాలన్న నిబంధన ఉంది. భారత్‌లో 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది. గృహోపకరణాలు కూడా అందులో ఉన్నాయి. కంపెనీల సర్వీసు, వారంటీ వివరాలు అక్కడ చూడవచ్చు.

వారంటీలో ఉన్నా కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం వస్తువు ఎక్కడ కొన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. జంషెడ్‌పూర్ వాసులకు అది తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, ఆదిత్యపూర్ వాసులకు సరాయ్‌కేలా ఖర్సావాన్ జిల్లా. రూ.5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఇందుకు బిల్లు, సర్వీసు చీటీలు దాచుకోవాలి.

బయటి మిస్త్రీ దగ్గర చేయించినా ఏ భాగం మార్చారు, ఎంత తీసుకున్నారు, ఎన్నాళ్ల గ్యారంటీ అన్నది కాగితం మీద రాయించుకోవాలి. తీసేసిన పాత భాగాన్ని అడిగి తీసుకుంటే మార్చకుండానే మార్చామని చెప్పే అవకాశం తగ్గుతుంది.

ఊరు మారబోతున్నవారికి

ఏడాది రెండేళ్లలో క్వార్టర్ ఖాళీ చేసి విశాఖకో, శ్రీకాకుళానికో వెళ్లేవారు పెద్ద రిపేరు పెట్టుకోకపోవడం మంచిది. ఇక్కడి మిస్త్రీ ఇచ్చిన గ్యారంటీ అక్కడ పనికిరాదు. చిన్న రిపేరుతో నెట్టుకొచ్చి, కొత్తది అక్కడే కొంటే రవాణా ఖర్చు కూడా మిగులుతుంది. బాగున్న ఫ్రంట్ లోడ్‌ను తీసుకెళ్లాలనుకుంటే, కొన్నప్పుడు వెనుక నుంచి తీసిన ట్రాన్సిట్ బోల్టులను మళ్లీ బిగించాలి. అవి లేకుండా లారీ ఎక్కిస్తే లోపలి టబ్బు ఊగి షాకబ్జార్బర్లు దెబ్బతింటాయి.

ఇక్కడే ఉండేవారు కొత్తది కొనాలని తేల్చుకున్నా ఆ రోజే కొనక్కర్లేదు. ఆగస్టులో ఆగిన మెషీన్‌ను ఐదారు వందలతో నడిపించగలిగితే, దుర్గాపూజ, ధన్‌తేరస్ ఆఫర్ల దాకా ఆగవచ్చు. ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పాతదానికి ఎంత ఇస్తారని మాత్రమే అడిగితే సరిపోదు. ఎక్స్ఛేంజ్ లేకుండా ధర ఎంతో అడిగి, కబాడీ ఇచ్చే మొత్తంతో పోల్చాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత మెషీన్లను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే. ధరలో పెద్ద తేడా లేకపోతే కంపెనీ ద్వారా ఇచ్చేయడమే మంచిది. పూర్తిగా పాడవని మెషీన్‌ను మిస్త్రీలే విడిభాగాల కోసం కొంటారు కాబట్టి వారినీ ఒకసారి అడగవచ్చు.