పందిట్లో పక్కవాద్యం

పల్నాట్లో, వినుకొండ వైపు శ్రీరామనవమి మిరప కళ్లాలు ఎత్తే కాలానికే వస్తుంది. కాయ అమ్ముడుపోయి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. ఊరి నడుమ తాటాకు పందిరి, రాత్రికి హరికథ. దాసుగారు గజ్జె కట్టి, చిడతలు పట్టి నిలబడితే ఒక పక్కన మృదంగం, ఇంకో పక్కన ఫిడేలు. దాసుగారి పేరు చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకునేవి. ఫిడేలాయన పేరు అడిగితే మాత్రం తలలు గోక్కునేవాళ్లు. ఈ గాథ ఆయనది. పేరు లేకుండా ఆ చోట కూర్చుని లేచిపోయిన వాళ్లందరిదీ.

ఆయన పని చూడ్డానికి చిన్నదే. దాసుగారు పాడితే గొంతు వెంట నీడలా పోవాలి. కథలో పడి మాటలు చెబుతుంటే శ్రుతి తెగకుండా సన్నగా పట్టి ఉంచాలి. సీత ఏడ్చే చోట దాసుగారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, ఆ ఖాళీలో రాగం నాలుగు ముక్కలు పలికించాలి. పద్యానికి తాళం ఉండదు. దాసుగారు ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ తెగ్గొడతారో ఆయనకే తెలీదు, పక్కవాడు మాత్రం కనిపెట్టాలి.

అందుకు ఏడాదంతా ఇంట్లో కూర్చుని కష్టపడాలి. ఫిడేలుకు వీణలా మెట్లు లేవు. స్వరం ఎక్కడుందో వేలికి తెలియాలి, వేలు తప్పితే చెవి పట్టుకోవాలి. సరళి వరసలు, జంట వరసలు, అలంకారాలు, వర్ణాలు మూడు కాలాల్లో వాయించాలి. వారం రోజులు పెట్టె తెరవకపోతే వాయించేవాడికి తెలుస్తుంది, నెల తెరవకపోతే పందిట్లో పిల్లలకు కూడా తెలుస్తుంది. పల్నాటి ఎండల్లో కర్ర ఎండి బిరడాలు జారతాయి, తంతి దిగుతుంది. కమాను గుర్రపు వెంట్రుకలు బిగుసుకుంటాయి. ఇంత చాకిరీ మనిషి దేనికోసం చేస్తాడు? సంగీతం మీద భక్తి అంటారు. భక్తి లేదనను. కాని తెల్లవారుజామున లేపింది మాత్రం నవమి పందిరే అని నా నమ్మకం. తేదీ ఉంది, దాసుగారు మాట తీసుకున్నారు, తప్పులు పట్టే ముసలాయన ముందు వరసలో కూర్చుంటాడు.

ఈ వాద్యానికి తెలుగు దేశంలో మహర్దశ నడిచిన రోజులు ఉన్నాయి. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. చూపు సరిగా ఆనక బడి చదువు మానేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లాడు. ఆయన వాయింపు విని ఆచార్యుడి ఉద్యోగమే ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. 1936లో ఆయనే అధ్యక్షుడయ్యాడు, 1941లో సంగీత కళానిధి అయ్యాడు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ఒంటరిగా కచేరీ నడిపే స్థాయికి తెచ్చాడు. 1952లో మన దేశం వచ్చిన యెహుదీ మెనూహిన్ ఆయన వాయింపు విని మెచ్చుకున్నాడు. 1964లో నాయుడు పోయాడు. ఆ సాధనకు కచేరీ ఉంది, కళాశాల ఉంది, ఇంటి నిండా శిష్యులు ఉన్నారు. పల్నాటి పందిట్లో కూర్చున్న వాడికి ఉన్నది ఒక్క పందిరే.

దాని మీద మొదటి దెబ్బ హార్మణీ కొట్టింది. పెట్టెలో స్వరాలు సిద్ధంగా ఉంటాయి, శ్రుతి జారదు, చెయ్యి కొత్తదైనా ఏదో పలుకుతుంది. 1940లో ఆకాశవాణి హార్మణీని గడప తొక్కనివ్వలేదు, మూడు దశాబ్దాలు అలాగే నడిచింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైతే ఫిడేలుకు అక్కడ గౌరవంగా చోటు దొరికింది. అన్నవరపు రామస్వామి వంటి వారు నిలయ విద్వాంసులుగా బతికారు. నాటకాల పందిట్లో మాత్రం పెట్టెదే రాజ్యం. వినుకొండలో పుట్టిన జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర కాటిసీనులో చేరి ఊరూరా మోగాయంటే, అవి హార్మణీ మీదే మోగాయి. జనానికి ఆ చెవి అలవాటైపోయింది. హరికథకు కూడా పెట్టె ఉంటే చాలన్నారు.

పందిట్లో ఫిడేలు డబ్బు లేక పోయిందనడానికి వీల్లేదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఈ నేలకు పత్తి, మిరప డబ్బు తెలిసింది. 1987లో తెల్లదోమ పడి పత్తి రైతులు అప్పుల్లో కూలి, ప్రాణాలు తీసుకున్న ఏడాది కూడా వచ్చింది. అలాంటప్పుడు పందిరి గురించి ఎవరు మాట్లాడతారు! కాని మంచి ఏడాది డబ్బు తిరునాళ్లలో కట్టే ప్రభలకు వెళ్లింది, కరెంటు దీపాలకు వెళ్లింది, ప్రభ ముందు రికార్డింగ్ డాన్సుకు వెళ్లింది. హరికథకు తాంబూలం ఇచ్చే పెద్దమనిషి ముసలివాడయ్యాడు. కొడుకులు మైకుసెట్టు మాట్లాడారు.

ఆ తర్వాత జరిగినది చప్పుడు లేకుండా జరిగింది. సాధన ఒక్కసారిగా మానేయాలని ఎవరూ అనుకోరు. మొదట పోయేది మూడో కాలం. పిలుపు లేదుగా, రెండు కాలాలు చాలనిపిస్తుంది. తర్వాత వర్ణాలు పోతాయి, వచ్చిన కీర్తనలే తిప్పి తిప్పి వాయిస్తాడు. తెగిన తంతి కొనడానికి గుంటూరు పోవాలి, పని ఉన్నప్పుడు చూద్దాంలే అనుకుంటాడు. పని రాదు. పట్టుదల ఉన్నవాళ్లు కొందరు మద్రాసు స్టూడియోలకు పోయి, సినిమా పాటల్లో వరసగా కూర్చునే ఫిడేళ్లలో ఒకరయ్యారు. తర్వాత కీబోర్డు వచ్చి ఆ వరసలను కూడా పలచన చేసింది. మిగిలిన వాళ్ల పిల్లలు ఫిడేలు ముట్టుకోలేదు. వాళ్లను బద్ధకస్తులంటే నేనొప్పుకోను. పండగ లేని ఇంట్లో పిండివంట ఎవరు నేరుస్తారు?

ఫిడేలు పోలేదు, అమెరికాకు మకాం మార్చిందంతే. క్లీవ్‌ల్యాండులో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఇక్కడి గురువులు కంప్యూటరు తెర మీద పాఠం చెబుతుంటే అక్కడి తెలుగు పిల్లలు వాయిస్తున్నారు. ఆ ఆరాధన పోటీల తేదీ గోడ మీద ఉంటుంది గనుక మూడో కాలం కూడా వాయిస్తారు. వినుకొండ నుంచి అమెరికా వెళ్లిన వాళ్ల పిల్లలు కూడా అందులో ఉండే ఉంటారు. ఇక ఇక్కడ గెలిచిన హార్మణీ సంగతా? పద్యనాటకాల్లో దాని పక్కన కూడా కీబోర్డు వచ్చి కూర్చుంది.