పడమటి సీమ నవలలు – ఆడవాళ్ళ పేరు మీద భూమి

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగడి నుంచి నాలుగు ఇంగ్లీషు నవలలు తెచ్చింది. అన్నిటి అట్టల మీదా ఒకే రకం బొమ్మ. పొడుగు గౌను వేసుకొన్న అమ్మాయి, ఒక గుర్రం, వెనుక ఎండిన గడ్డి మైదానం. నేను డిక్షనరీ పక్కన పెట్టుకొని చదవడం మొదలుపెట్టినాను. అమ్మ చూసి, "ఏమే, పరీక్షలు పెట్టుకొని ప్రేమ కథలా?" అని కసిరింది. ప్రేమ కథలే, కాదనను. కానీ వాటిలో నన్ను పట్టుకొన్నది ప్రేమ కాదు. ప్రతి కథలోనూ ఆ అమ్మాయికి ఒక పొలమో, ఒక ఉద్యోగమో ఉంది. "నీ అండ లేకపోయినా నేను బతకగలను" అని కథానాయకుడితో చెప్పే ధైర్యం ఉంది. దాదాపు 150 ఏళ్ళ కిందట నిజంగా అలాంటి ఆడపిల్లలు ఉన్నారా, లేక రచయితలు అల్లినారా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను తెలుసుకొన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. వీటిని 'వెస్ట్రన్' నవలలు అంటారు. వెస్ట్రన్ అంటే ఇక్కడ పాశ్చాత్యం అని అర్థం కాదు, అమెరికా దేశంలోని పడమటి సీమ. మొంటానా, వయోమింగ్, నెబ్రాస్కా, కాన్సాస్, యూటా లాంటి ప్రాంతాలు. 1902లో ఓవెన్ విస్టర్ రాసిన 'ది వర్జీనియన్' ఈ రకం నవలలకు దారి వేసింది. అందులో కథానాయిక మాలీ తూర్పు నుంచి వయోమింగ్‌కు వచ్చిన బడిపంతులమ్మ. 1912లో జేన్ గ్రే రాసిన 'రైడర్స్ ఆఫ్ ద పర్పుల్ సేజ్'లో జేన్ అనే ఆమెకు తండ్రి ఇచ్చిన పెద్ద పశువుల క్షేత్రం ఉంటుంది. మన కాలంలో బెవర్లీ జెంకిన్స్ అనే రచయిత్రి 1994లో 'నైట్ సాంగ్' రాసింది. అందులో నాయిక కాన్సాస్‌లోని నల్లజాతివారి ఊరిలో టీచరు.

ఇక చరిత్రకు వస్తాను. 1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ హోంస్టెడ్ చట్టం మీద సంతకం పెట్టినాడు. దాని ప్రకారం 21 ఏళ్ళు నిండినవారు గానీ, కుటుంబ యజమాని గానీ ప్రభుత్వ భూమిలో 160 ఎకరాల వరకు అడగవచ్చు. కొద్దిపాటి ఫీజు కట్టి, ఇల్లు కట్టుకొని, సాగు చేస్తూ అయిదేళ్ళు అక్కడే ఉంటే పట్టా ఇస్తారు. ఆ చట్టంలో 'మగవాడే' అని రాయలేదు. అందుకే పెళ్ళికానివారు, భర్త చనిపోయినవారు, విడాకులు తీసుకొన్నవారు తమ పేరు మీదే దరఖాస్తు పెట్టుకొన్నారు. కానీ మొగుడితో కాపురం చేస్తున్న ఆమెకు ఆ హక్కు లేదు. ఇంటికి యజమాని భర్తే అని లెక్క.

ఇది చదివినాక నవలలు నాకు ఇంకోలా అర్థమైనాయి. కథానాయిక "ఇప్పుడే పెళ్ళి వద్దు" అంటే అది బెట్టు కాదు. ఆ మాట వెనుక భూమి ఉంది.

భూమి ఒక్కటే కాదు, పని కూడా ఉంది. 1883 నుంచి ఫ్రెడ్ హార్వీ అనే ఆయన శాంటా ఫే రైలు దారి పొడుగునా నడిపిన భోజనశాలల్లో వడ్డించడానికి యువతులను తీసుకొన్నాడు. జీతం, భోజనం, బస అన్నీ ఉండేవి. బానిసగా పుట్టిన మేరీ ఫీల్డ్స్ అనే నల్లజాతి స్త్రీ 1895లో, అరవై ఏళ్ళు దాటిన వయసులో, మొంటానాలో గుర్రపు బండి మీద తపాలా చేరవేసే పని సంపాదించుకొంది. వయోమింగ్ ప్రాంతం 1869 డిసెంబరులోనే ఆడవాళ్ళకు ఓటు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే అక్కడ ఎస్తర్ మోరిస్ అనే ఆమె న్యాయాధికారి అయింది. అమెరికా దేశమంతటా స్త్రీల ఓటును రాజ్యాంగంలో చేర్చింది 1920లో. అంటే మారుమూల పడమటి సీమ రాజధాని కంటే 50 ఏళ్ళు ముందు నడిచింది.

నాకు అందరికంటే బాగా గుర్తుండిపోయింది ఎలినోర్ ప్రూయిట్. ఈమె నవలలో మనిషి కాదు, నిజంగా బతికిన మనిషి. డెన్వర్ పట్నంలో బట్టలు ఉతికి, ఇళ్ళలో పని చేసి చిన్న కూతురిని సాకింది. 1909లో వయోమింగ్‌లో క్లైడ్ స్టీవర్ట్ అనే రైతు ఇంటికి పనికి వెళ్ళి, ఆ పక్క భూమికి తన పేరు మీద దరఖాస్తు పెట్టింది. తన పాత యజమానురాలికి రాసిన ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చినాయి. బట్టలుతికే పనికన్నా సేద్యం మేలని, కష్టపడే ఒంటరి ఆడది ఎవరైనా భూమి సంపాదించుకోవచ్చని ఆమె అందులో గట్టిగా వాదించింది.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆమె వచ్చిన కొన్ని వారాలకే క్లైడ్‌ను పెళ్ళి చేసుకొంది. ఆ సంగతి ఉత్తరాల్లో వెంటనే చెప్పలేదు. 1912లో తన భూమి హక్కు వదులుకొంటే, అది ఆమె అత్తగారి పేరు మీదికి పోయింది. అంత ధైర్యంగా ఉత్తరాలు రాసిన మనిషికి కూడా చివరికి తన పేరు మీద పట్టా రాలేదు! ఇది చదివిన రోజు నాకు చాలా బాధ అయింది.

నవలలు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆ 'ఖాళీ' భూమి ఖాళీ కాదు. అది అక్కడి ఆదివాసీ జాతులది. యుద్ధాలతో, ఒప్పందాలతో వాళ్ళను తోసేసినారు. 1887 నాటి డాస్ చట్టం వాళ్ళ ఉమ్మడి భూములను ముక్కలు చేసి, మిగిలింది బయటివారికి ఇచ్చింది. ఒక ఆడమనిషికి దొరికిన స్వేచ్ఛ కింద ఇంకొక ఆడమనిషి పోగొట్టుకొన్న నేల ఉంది. గుర్రం బొమ్మ చూసి మురిసిపోయే ముందు ఇది కూడా తలుచుకోవాలి.

మరి ఈ నవలలు ఎందుకు నచ్చుతాయి? నా జవాబు ఇది. వాటిలో అమ్మాయికి ఎంచుకొనే వీలుంది. పెళ్ళి ఒక్కటే నీడ కాదు కాబట్టి, ఆమె పెళ్ళికి ఒప్పుకొంటే అది ఇష్టంతోనే అని మనకు నమ్మకం కలుగుతుంది. చరిత్రలో ఎలినోర్‌కు దక్కనిది కథలో నాయికకు దక్కుతుంది. అది చూసుకొని సంతోషపడతాం.

ఇదంతా రాస్తూ ఉండగా మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. మా తాత పోయినాక ఊర్లో రెండెకరాల రాగి చేను మిగిలింది. మామ వచ్చి విడుదల పత్రం మీద అమ్మను సంతకం పెట్టమన్నాడు. మామ మంచివాడే, పండగలకు చీర పెట్టకుండా ఉండడు. మా అవ్వ కాలంలో ఆడపిల్లను ఎవరూ అడగను కూడా అడగలేదు. తమిళనాడులో 1989లో చట్టం మారినా, అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ చట్టం మార్చి, పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చినారు. ఈ మాట నేను అమ్మతో చెప్పినాను. సంతకం పెట్టొద్దని చెప్పలేదు, అంత పెద్దదాన్ని కాను. తెలుసుకొని పెట్టమన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ బట్టలుతికే ఆమె కథ ఇంకొకసారి చెప్పు" అనింది. చెప్పినాను. పత్రం ఇంకా బీరువాలోనే ఉంది. అమ్మ ఏం చేస్తుందో నాకు తెలీదు. ఏం చేసినా అది ఆమె ఇష్టంతో చేయాలి.

స్నేహితులారా, కథల పుస్తకం చదివితే చదువు పాడవదు. కానీ కథ ఒక్కటే చదివి ఊరుకోకండి. దాని వెనుక ఏ చట్టం ఉంది, ఎవరి భూమి ఉంది, ఎవరి సంతకం ఉంది అని కూడా అడగండి. నాకు చరిత్ర పాఠం మీద ఇష్టం పుట్టింది అలా అడిగినప్పుడే.