పానగల్లులో నీడ ఒక్కటే చూసి తిరిగిరాకండి

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబర్ హైవే మీద మనం ఎన్నిసార్లు పోయుంటామో లెక్కే లేదు. చౌటుప్పల్, చిట్యాల దాటుతాం, నార్కట్‌పల్లి దగ్గర ఆగి ఒక చాయ్ తాగుతాం, మళ్ళీ బండెక్కుతాం. అక్కడే కుడివైపు అద్దంకి రోడ్డు పట్టుకుంటే 20 కిలోమీటర్లు అటూఇటూగా నల్లగొండ వస్తుంది. ఎవరూ తిరగరు. "నల్లగొండలో చూడ్డానికి ఏముంది భయ్యా?" అంటారు. నల్లగొండ వాళ్ళే అంటారు, అదీ విషయం!

జాబ్ చేసే రోజుల్లో మా క్లయింట్ టీమ్ ఇంగ్లాండ్‌లో ఉండేది. అక్కడ వారానికోసారి సంత జరిగే చిన్న టౌన్‌లో ఒక పాత చర్చి ఉన్నా, ఒక పాత వంతెన ఉన్నా, రోడ్డు మీదే గోధుమరంగు బోర్డు పెట్టి మరీ దారి చూపిస్తారు. మన నల్లగొండ కూడా మార్కెట్ టౌనే కదా. బత్తాయికి పెట్టింది పేరు. క్లాక్ టవర్ సెంటర్‌లో నిలబడితే లతీఫ్ సాహెబ్ గుట్ట మీద దర్గా, ఇంకోవైపు కాపురాల గుట్ట మీద పాత కోట గోడలు. ఓపిక ఉంటే రెండూ ఎక్కండి. ఈ ఎపిసోడ్ మాత్రం ఊరిని ఆనుకునే ఉన్న పానగల్లు గురించి.

పానగల్లు అనగానే అందరూ చెప్పేది ఛాయా సోమేశ్వరాలయం. పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి గుడి. మూడు గర్భగుళ్ళు, మధ్యలో అందరికీ కలిపి ఒకే మండపం. దీన్ని త్రికూటాలయం అంటారు. అందులో ఒక గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, నిలువుగా స్తంభం లాంటి నీడ పడుతుంది. పొద్దున పోయినా, మధ్యాహ్నం పోయినా అక్కడే ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు.

దీని మీద యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలున్నాయో! "సైంటిస్టులకే అంతుచిక్కని రహస్యం" అని థంబ్‌నెయిల్ పెడతారు. అంతుచిక్కకపోవడం ఏం లేదండీ. సూర్యాపేటకు చెందిన ఒక ఫిజిక్స్ లెక్చరర్ చిన్న మోడల్ చేసి మరీ చూపించారు. సింపుల్‌గా చెప్తాను. ఆ నీడ నేరుగా పడే ఎండ వల్ల వచ్చేది కాదు. మండపానికి ఉన్న ఖాళీల్లోంచి లోపలికి చెదిరి వచ్చే వెలుతురు వల్ల వచ్చేది. సూర్యుడు కదులుతాడు గానీ ఆ ఖాళీలు కదలవు కదా! వెలుతురు వచ్చే దారి మారనప్పుడు, మధ్యలో ఉన్న స్తంభాలు ఆపే చోటు కూడా మారదు. ఒక స్తంభం నీడ కాదది, కొన్ని స్తంభాల నీడలు ఒకచోట కలిసి చిక్కబడ్డది. రహస్యం తేలిపోతే గొప్పతనం తగ్గుతుందని కొందరు ఫీలవుతారు. నాకైతే పెరిగినట్టే అనిపిస్తుంది. మీరు వెళ్ళినప్పుడు మీ చెయ్యి అడ్డం పెట్టి చూడండి, ఏ స్తంభం ఎంత నీడ ఇస్తుందో మీకే అర్థమవుతుంది.

ఊళ్ళోనే పచ్చల సోమేశ్వరాలయం ఉంది. లింగంలో పచ్చ పొదిగి ఉండేదని ఊరి వాళ్ళు చెప్పుకుంటారు, అందుకే ఆ పేరట. ఇక్కడ నాలుగు గర్భగుళ్ళు. గోడల మీద శివుడి కథలు, నాట్యం చేసే వాళ్ళ బొమ్మలు చిన్నచిన్నగా, వరసలు వరసలుగా చెక్కారు. అర గంట అనుకుని వెళ్తే రెండు గంటలు పడుతుంది. పక్కనే మ్యూజియం. చుట్టుపక్కల ఊళ్ళలో దొరికిన విగ్రహాలు, శాసనాల రాళ్ళు అక్కడ పెట్టారు. తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్ళండి.

సరే, నీడ చూశారు, గుళ్ళు చూశారు, సెల్ఫీ అయిపోయింది. నూటికి తొంభై మంది ఇక్కడే కారెక్కుతారు. అసలు చూడాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఉదయసముద్రం, పానగల్లు చెరువు.

ఈ కందూరు చోడులకు ఆ పేరు కందూరు నుంచి వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల దగ్గర ఆ ఊరు ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి ఇక్కడి దాకా వీళ్ళ రాజ్యం. ముందు కళ్యాణి చాళుక్యుల కింద సామంతులు. పక్కన ఓరుగల్లులో కాకతీయులు బలపడ్డాక గొడవ మొదలైంది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. అందులో రుద్రదేవుడు ఓడించిన వాళ్ళ జాబితాలో మన ఉదయ చోడుడు కూడా ఉన్నాడు. రుద్రుడి భయానికే ప్రాణం పోయిందని రాశారు. ఆయన నగరాన్ని తగలబెట్టి, ఆ కాలిన ఊరి మధ్యలోనే రుద్రదేవుడు పెద్ద చెరువు తవ్వించాడని కూడా ఉంది. ఆలోచించండి, గెలిచినవాడు కూడా తన గొప్ప చెప్పుకోడానికి చెరువు పేరే ఎత్తుకుంటున్నాడు! అయినా పానగల్లు చెరువుకు మాత్రం ఓడిపోయిన ఉదయుడి పేరే ఇప్పటిదాకా నిలిచింది.

ఎందుకు ఇంత చెరువు పిచ్చి? ఈ నేల చూస్తే తెలుస్తుంది. అంతా గ్రానైట్ రాయి. వాన తక్కువ, ఏడాది పొడుగునా పారే వాగులూ తక్కువ. కట్ట పోసి, తూము పెట్టి, ఎక్కువైన నీళ్ళు అలుగు మీంచి పోయేలా చేసి వాన నీళ్ళు ఆపుకుంటేనే ఆయకట్టు, ఆయకట్టు ఉంటేనే పంట. పంట ఉంటేనే రాజుకు పన్ను, దేవుడికి మాన్యం. అంటే మనం ఇందాక చూసిన ఆ చెక్కడాలన్నీ ఒక రకంగా ఈ నీళ్ళ మీద లేచినవే.

ఇంకో సంగతి ఉంది. మా అమ్మమ్మ వాళ్ళది మర్రిగూడ వైపు. నేను చూసేసరికే ఆమె నడుం నేలకు వంగిపోయి ఉండేది. ముసలితనం అనుకునేవాణ్ణి. పక్కింటి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మరకలు కూడా మామూలే అనుకునేవాణ్ణి. ఆ గ్రానైట్‌లోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ముందు పళ్ళు, తర్వాత ఎముకలు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరేంటో తెలుసా? 'నల్గొండ టెక్నిక్'. కెన్యా, టాంజానియా, ఇథియోపియాలో కూడా ఆ పేరుతోనే వాడారు. ప్రపంచంలో మన ఊరి పేరు తెలిసిన చోట దేనికి తెలిసిందో చూడండి.

చెరువులో నిలిచిన వాన నీళ్ళలో ఈ బాధ చాలా తక్కువ. కష్టమంతా లోతుగా వేసిన బోర్లతోనే. చెరువులు పూడిపోయిన కొద్దీ జనం బోర్ల మీద పడ్డారు. నా మటుకు నాకు ఈ జిల్లా చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. ఏ యుద్ధం కూడా ఇంత మందిని వంచలేదు.

ఇప్పుడు ఉదయసముద్రానికి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. నాగార్జునసాగర్ వెనక జలాల్లోంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి కాలువల్లో ఇక్కడికి. హైదరాబాద్ వాళ్ళూ, మీ ఇంటి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళు కూడా అదే అక్కంపల్లి మీదుగానే వస్తాయి, కాబట్టి మనమంతా చుట్టాలమే! పాత చెరువునే పెంచి, ఒకటిన్నర టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ చేశారు. దాని నీళ్ళు పొలాలకూ పోతాయి, తాగడానికీ పోతాయి. గుడి రాళ్ళకు మనం టికెట్, బోర్డు, ఫెన్సింగ్ పెట్టి కాపాడుతున్నాం. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ నుంచి పని చేస్తున్న ఈ చెరువు దగ్గర మాత్రం అది ఎవరి చెరువో చెప్పే ముక్క నాకు ఎక్కడా కనపడలేదు.

వెళ్ళేవాళ్ళు ఇలా ప్లాన్ చేసుకోండి. పొద్దున్నే ఛాయా సోమేశ్వరం, జనం ఉండరు. తర్వాత పచ్చల సోమేశ్వరం, మ్యూజియం. మధ్యాహ్నం ఊళ్ళో భోజనం, సీజన్ అయితే రోడ్డు పక్క బత్తాయిలు. ఎండ తగ్గాక చెరువు కట్ట. తిరిగి హైవే ఎక్కాక టైమ్ ఉంటే నకిరేకల్ దగ్గర చందుపట్లకు కూడా వెళ్ళండి. అక్కడ 1289 నవంబర్ 27 నాటి శాసనం ఒకటి ఉంది. రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారని, వాళ్ళ పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఆమె ఎప్పుడు చనిపోయిందో మనకు తెలిసింది ఆ రాయి వల్లే. ఊళ్ళో ఎవర్నడిగినా దారి చూపిస్తారు.