‘మందు’ అనే మాట



ముప్పయ్యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఒక మాట నేటికీ ముల్లులా గుచ్చుకొంటూనే ఉంది. అది ‘పురుగుల మందు’. రోగం మాన్పేది మందు, ప్రాణం తీసేది విషం. చేలో చల్లే విషానికి మందు అని పేరు పెట్టుకోవడంతోనే మన పొరపాటు మొదలైందని నా అభిప్రాయం.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను గాని, నేను ఉద్యోగంలో చేరింది 1980ల నడుమ రేపల్లె దాపున ఒక పల్లెలో. వరి పొట్ట మీదున్న రోజుల్లో పెద్ద తరగతుల పిల్లలు కొందరు బడికి వచ్చేవారు కారు. అడిగితే, “మందు కొట్టడానికి నాన్నకు నీళ్ళు మోశానండీ మాస్టారూ” అనేవారు. వాళ్ళ చేతులు ఘాటుగా వాసన కొట్టేవి. మందే కదా అనుకొని నేనూ ఊరకుండిపోయాను.

బాపట్లలో రూపొందిన సాంబ మసూరి (బీపీటీ 5204) 1986లో విడుదలైంది. అన్నానికి అంత కమ్మనిది మరొకటి లేదు. కాని దోమపోటుకు అది తట్టుకోలేదు. దోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, గుడ్లను ఆకు తొడుగు లోపల దాస్తుంది. పైనుంచి కొట్టిన విషానికి ముందుగా బలయ్యేవి దోమను తినే సాలీళ్ళు, దాని గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు. గుడ్లు మాత్రం భద్రం. పిల్లదోమలు బయటికి వచ్చేసరికి వాటిని తినే జీవి ఉండదు. కొట్టినకొద్దీ దోమ పెరగడంలోని రహస్యం ఇదే. ఇది గ్రహించిన ఇండోనేషియా ప్రభుత్వం అదే 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

ఇక్కడ డెల్టా వరికి దోమ ఎలాగో, పడమటి మెట్టలో పత్తికి తెల్లదోమ అలాగయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ‘పురుగుల మందు తాగి’ అని పత్రికలో చదివినప్పుడల్లా, ఆ మాటలోని మోసం నాకు అర్థమయ్యేది.

దారి మళ్ళించినవారూ మనవాళ్ళే. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2003 నాటికి రసాయన పురుగుమందులను పూర్తిగా విడిచిపెట్టింది. 5 కిలోల వేపగింజల పొడిని మూటగట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండి, 100 లీటర్లకు సరిచేస్తే 5 శాతం కషాయం. వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిస్తే గాలీ వెలుతురూ దుబ్బు మొదటిదాకా చేరి దోమ తగ్గుతుంది. వీటికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు, చేనును చూసే ఓపిక కావాలి.

ఆ చూపు మన పూర్వులకు లేకపోలేదు. పేనుబంకను తినే ఎర్రని చిన్నజీవికి వారు ‘అక్షింతల పురుగు’ అని ఎంత మంగళకరమైన పేరు పెట్టారో చూడండి! వంగ ఆకు తినే దాని జాతిది కూడా ఒకటుంది గనుక, పేరుతో పాటు పోలికా తెలియాలి. నేటి పిల్లలకు పదిరకాల మందుల డబ్బాల పేర్లు వచ్చు, ఈ పేరు రాదు. నా తరగతిలో నేను చెప్పని పాఠం అది.

మీ ప్రాంతాల్లో ఇటువంటి మిత్రజీవులను ఏమని పిలుస్తారో దయచేసి తెలియజేయండి.