చెరని వెతుక్కుంటూ వెళ్ళిన ఇల్లాలు

చరిత్ర పుస్తకాల్లో వీరుల గుర్రాలకి కూడా పేర్లుంటాయి. భార్యల పేర్లే వెతుక్కోవాలి! ఫ్రాన్సులో పుట్టి అమెరికా స్వాతంత్ర్యం కోసం పోరాడిన లఫాయెట్ పేరు హిస్టరీ చదివిన మనందరికీ గుర్తే. ఆయన భార్య పేరు అడ్రియన్ అని మనకెవరైనా చెప్పారా?

లఫాయెట్ 1757లో, ఒవెర్న్ ప్రాంతంలో, ఒక జమీందారీ కోటలో పుట్టాడు. తరతరాలుగా కత్తి పట్టిన వంశం. రెండేళ్ళు నిండకుండానే తండ్రి యుద్ధంలో పోయాడు. 12వ ఏట తల్లీ, కొద్ది వారాలకే తాతగారూ పోయారు. మిగిలింది అంతులేని ఆస్తి! అలాంటి కుర్రవాణ్ణి పిల్లనిచ్చేవాళ్ళు వదులుతారా? రాజుగారి కొలువులో చక్రం తిప్పే నొవాయ్ వంశం వారు అల్లుణ్ణి చేసుకున్నారు. 1774లో పెళ్ళి. అతనికి 16, ఆ పిల్లకి 14. మన అమ్మమ్మల పెళ్ళిళ్ళు గుర్తు రావటం లేదూ?

1777లో ఆ కుర్రవాడు సొంత డబ్బుతో ఓడ కొని, రాజుగారు వద్దన్నా వినకుండా అమెరికా వెళ్ళిపోయాడు. భార్యకి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఒళ్ళో పసిపాప, కడుపులో మరో బిడ్డ ఆవిడకి. అక్కడ 19 ఏళ్ళకే అతన్ని మేజర్ జనరల్ చేశారు. బ్రాండీవైన్ యుద్ధంలో కాలికి తుపాకి గుండు తగిలింది. తర్వాత నెలలోనే ఇక్కడ పెద్దపాప కన్నుమూసింది. ఆ కబురు తండ్రికి చేరేసరికి నెలలు గడిచాయి. యుద్ధం మధ్యలో ఒకసారి ఇంటికొచ్చి వెళ్ళాడు. అప్పుడు కలిగిన కొడుక్కి తన సేనాధిపతి పేరే, జార్జి వాషింగ్టన్ అని పెట్టుకున్నాడు. 1781లో యార్క్‌టౌన్ విజయంలో పాలుపంచుకుని వీరుడై తిరిగొచ్చాడు.

1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. మానవ హక్కుల ప్రకటనకి ముసాయిదా రాసి సభ ముందు పెట్టిందీ, జాతీయ రక్షక దళానికి నాయకుడైందీ లఫాయెట్టే. కాని మూడేళ్ళలో గాలి మళ్ళింది. రాజులకి విప్లవకారుడు, విప్లవకారులకి రాజు మనిషి! అరెస్టు తప్పించుకుని 1792లో సరిహద్దు దాటాడు. దాటగానే శత్రువులకి పట్టుబడ్డాడు. చివరికి ఆస్ట్రియా వారి ఓల్ముట్జ్ కోటలో ఖైదీగా తేలాడు.

ఇక్కడ అడ్రియన్‌నీ జైల్లో పెట్టారు. 1794 జులై 22న ఆవిడ నాయనమ్మనీ, తల్లినీ, అక్కనీ ఒకే రోజు గిలటిన్ ఎక్కించారు. అయిదు రోజులాగితే రోబెస్పియర్ ప్రభుత్వమే కూలిపోయింది. ఆ అయిదు రోజులూ ఆగలేదు విధి!

1795లో విడుదలైన అడ్రియన్ కొడుకుని అమెరికాలో వాషింగ్టన్ దగ్గరికి పంపేసింది. ఇద్దరు కూతుళ్ళతో వియన్నా వెళ్ళి చక్రవర్తి ముందు నిలబడింది. ఆవిడ పొందిన వరమేమిటో తెలుసా? భర్తతోపాటు తామూ చెరలో ఉండటానికి అనుమతి! సావిత్రి యముడి దగ్గర్నుంచి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. ఈవిడ తనే లోపలికి నడిచింది.

ఆ చీకటి కొట్లో ఒళ్ళంతా వాచి, పుళ్ళు పడ్డాయి. వైద్యానికి వియన్నా పంపమంటే, వెళితే మళ్ళీ లోపలికి రానివ్వం అన్నారు. ఆవిడ వెళ్ళలేదు. 1797లో అందరూ విడుదలయ్యారు. ఆరోగ్యం మాత్రం మళ్ళీ కోలుకోలేదు.

పతివ్రత అని ఓ దణ్ణం పెట్టి ఊరుకోవటం సులువే. కాని 1799లో నెపోలియన్‌తో మాట్లాడి, భర్త స్వదేశంలో అడుగు పెట్టేందుకు దారి చేసిందీ, పోయిన ఆస్తుల్లో దక్కినంత దక్కించిందీ కూడా ఆవిడే. అది ఒట్టి భక్తి వల్ల అయ్యే పనేనా? తలలు తెగిన తనవాళ్ళని పూడ్చిన గుంట పారిస్‌లో పిక్పూస్ అనే చోట ఉందని తెలిసి, మిగతా బాధితులతో కలిసి ఆ పక్క స్థలం కొనిపించింది. 1807లో, క్రిస్మస్‌కి ముందురోజు పోయాక, తల్లికి దగ్గరగా అక్కడే పడుకుంది.

లఫాయెట్ ఇంకో 26 ఏళ్ళ పైనే బతికాడు. 1824లో అమెరికా ఆయనకి బ్రహ్మరథం పట్టింది. 1834లో ఆయన పోతే, భార్య పక్కనే పూడ్చి, అమెరికా నుంచి తెచ్చిన మట్టి చల్లారు. ఇప్పటికీ అక్కడ అమెరికా జెండా ఎగురుతూంటుంది.

పైన చల్లిన మట్టి ఆయన గెలుచుకున్నదే. కింద నేల మాత్రం ఆవిడ వెతికి పెట్టింది.